మందు పడని 22 కోతులు

"అయిపోయింది పిన్నీ, ఇక చెయ్యి వదులు" అన్నాను. తార్నాకలో వాళ్ళింట్లోనే, ఐస్ డబ్బాలోంచి తీసిన ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్. కీమోకి పడిపోయిన తెల్లకణాలు పెరగడానికి.

ఇదే మందుని 2015లో మందులకి అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ రేడియేషన్ జబ్బుకీ ఒప్పుకుంది. కావాలని మనుషుల మీద రేడియేషన్ పెట్టి చూడలేరు కదా, అందుకే కోతుల మీద పెట్టారు. మందు పడిన 24లో 60 రోజుల్లో 5 చనిపోయాయి. మందు పడని 22లో 13.

ఆ 13 దగ్గరే ఆగిపోయాను. రక్తకణాలు తయారయ్యే ఎముక మూలుగ దెబ్బతిని, ఇన్ఫెక్షన్లతో ఎంత అవస్థ పడ్డాయో! పోల్చి చూడకపోతే మందు పనిచేస్తుందని తేలదు, ఒప్పుకుంటాను. అయినా మనసు ఊరుకోవట్లేదు.

హైదరాబాద్ దగ్గర మందుల, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో పనిచేసే ఫ్రెండ్స్ ఉన్నారుగా, జంతువుల అవసరం తగ్గించే పద్ధతులు ఎంతవరకు వచ్చాయో చెప్పండి.