వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి తెరచాప మీద: మనుషులూ, డబ్బులూ ఎంతవరకు వచ్చాయి

మా స్కిప్పర్ (పడవ నడిపించే పెద్ద, యజమాని కూడా ఆయనే) పడవ 36 అడుగులది. పాతదే గానీ ఒళ్ళు గట్టిది. సంక్రాంతి తర్వాత దాని మీద వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాలన్నది ప్లాన్. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు గానీ మా నోటికి ఇంకా పాతదే వస్తోంది.) దూరం సుమారు 650 నాటికల్ మైళ్ళు. గంటకి ఐదు మైళ్ళ చొప్పున నడిస్తే ఐదున్నర రోజులు పడుతుంది. ప్యాసింజర్ షిప్పులో అయితే టికెట్ కొనుక్కుని పడుకోవచ్చు. ఇక్కడ జీతం లేని ఐదుగురం ఖర్చు పంచుకుని, రాత్రీ పగలూ వంతులేసుకుని నడుపుకుంటూ పోవాలి. మనుషుల్ని వెతకడం, లెక్కలు రాయడం నా పని. బ్యాంకు ఉద్యోగం కదా, ఎలాగూ నా మెడకే చుట్టుకునేది.

జనవరే ఎందుకంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. జనవరికి ఆ భయం బాగా తగ్గుతుంది. ఈశాన్య గాలి కాస్త నిలకడగా ఉంటుంది. మేం వెళ్ళేది ఆగ్నేయానికి, కాబట్టి గాలి ఎడమ పక్క నుంచి తగులుతుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి కుడి పక్క నుంచి. తెరచాప పడవకి రెండూ మంచివే.

సెప్టెంబరు

మనుషుల్ని వెతకడానికి ముందే డబ్బుల కాగితం రాశాను. స్కిప్పర్‌కి నచ్చలేదు. "ముందు మనుషులు కుదరనీ, డబ్బులు తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. స్నేహం కుదిరాక డబ్బులు అడగడం మనకి మహా మొహమాటం. ఆ మొహమాటమే సముద్రం మధ్యలో కోపంగా మారుతుంది. అక్కడ లేచి వెళ్ళిపోవడానికి పక్క గది కూడా ఉండదు.

కాగితంలో సూత్రం ఒక్కటే. ఈ ప్రయాణంలో అయిపోయేవి అందరివీ, ప్రయాణం అయ్యాక మిగిలేవి పడవ యజమానివి. డీజిల్, తిండి, నీళ్ళు, గ్యాస్, మందులు, అవతలి రేవులో కట్టాల్సినవి, శాటిలైట్ ఫోను ఖర్చు మొదటి ఖాతాలోకి. ఇన్సూరెన్సు, తెరచాపల రిపేరు, లైఫ్ రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప) సర్వీసింగ్, అడుగున వేసే పెయింటు రెండో ఖాతాలోకి. పడవ వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ రెండో ఖర్చులు యజమానికి తప్పవు, వాటిని అతిథుల మీద రుద్దకూడదు.

డీజిల్ 200 లీటర్లు వేసుకున్నాం. మా ఇంజను గంటకి మూడు లీటర్లు తాగుతుంది. గాలి పడిపోతే సగం దూరం ఇంజను మీద పోవడానికి సరిపోతుంది. అది సుమారు 20 వేలు. ఐదుగురికి పది రోజుల తిండి, మనిషికి రోజుకి 300 చొప్పున 15 వేలు. ప్రయాణం ఐదున్నర రోజులే అయినా సరుకులు పది రోజులకి ఉండాల్సిందే. రేవు ఖర్చులకి 10 వేలు, ఫోనుకి 8 వేలు, మందులకి 5 వేలు, నీళ్ళకీ గ్యాసుకీ 2 వేలు. మొత్తం 60 వేలు, తలా 12 వేలు. యజమాని కూడా ఒక తలే. తిరుగు విమానం టికెట్ ఎవరిది వాళ్ళదే. డీజిల్ మిగిలితే ఆ డబ్బు స్కిప్పర్ వెనక్కిస్తాడు, తిరిగి రావడానికి అది ఆయనకే కావాలి కదా.

వించ్ హ్యాండిల్ (తెరచాప తాళ్ళు బిగించే చక్రాన్ని తిప్పే పిడి) సముద్రంలో పడేస్తే ఎవరు కట్టాలన్న దాని మీద మాత్రం పెద్ద చర్చ జరిగింది. నవ్వకండి, పడవల్లో చాలా తరచుగా పోయే వస్తువు అదే, ఖరీదూ తక్కువేం కాదు. చివరికి యజమానే భరించాలని తేల్చాం. పడేసినవాడు కట్టాలంటే దాన్ని ముట్టుకోవడానికే అందరూ భయపడతారు.

అక్టోబరు

కాగితం చూడగానే సగం మంది మాయమయ్యారు. అదే నాకు కావాల్సింది. ఒకాయన ఫోన్ చేసి, "డబుల్ ఇస్తాను గురువుగారూ, నాకు పని మాత్రం చెప్పకండి" అన్నారు. వద్దన్నాం. ఖర్చుకి మించి ఒక్క రూపాయి తీసుకున్నా అది ఖర్చు పంచుకోవడం అవదు, టూరు వ్యాపారం అవుతుంది. దానికి లైసెన్సులు వేరు, ఇన్సూరెన్సు వేరు. పైగా ఐదుగురి పడవలో ఒకరు పడుకుంటే మిగతా నలుగురూ ఆ వంతు మోయాలి.

ఇంకొకతను సాఫ్ట్‌వేర్, మంచివాడు, ఈత బాగా వచ్చు. కానీ ఫలానా సోమవారానికి ఆఫీసులో ఉండాలన్నాడు. మా కాగితంలో బయల్దేరే తేదీ లేదు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ మర్నాటి నుంచి పది రోజుల్లో గాలి ఎప్పుడు బాగుంటే అప్పుడే. సెలవు తేదీ తరుముతుంటే మనిషి చెడు వాతావరణంలో కూడా "పోదాం పద" అంటాడు. అతన్ని వదులుకోవడం బాధగానే ఉంది.

కుదిరినవాళ్ళలో మొదటివారు మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన. మేమంతా బాబాయ్ అంటాం. రెండో మనిషి ఫిజిక్స్ లెక్చరర్, ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో పడవలు నడిపిన అమ్మాయి. వాళ్ళమ్మగారు నన్ను గంటసేపు ప్రశ్నలడిగారు, అడగాల్సినవే. ఎవరెక్కడ పడుకుంటారు, తలుపు గడియ ఉందా, ఎవరెవరు వస్తున్నారు. తలుపున్న ముందు క్యాబిన్ ఆమెకే ఇచ్చాం. చివర్లో ఆవిడే, "మన విశాఖ అమ్మాయి స్వాతి తారిణి మీద ప్రపంచమే చుట్టొచ్చింది కదా, వెళ్ళనీ" అన్నారు. నేవీ అమ్మాయిలు ఆరుగురు తారిణి అనే తెరచాప పడవ మీద 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్ళలో లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి ఈ ఊరి మనిషే.

మూడో మనిషి జాలరిపేట కుర్రాడు. "నాకాడ డబ్బుల్లేవన్నా, పనయితే ఎంతైనా సేస్తాను" అని మొహం మీదే చెప్పేశాడు. నాకు ఆ మాటే నచ్చింది. కానీ లెక్క కుదరాలి. జీతమిస్తే ఉద్యోగి అవుతాడు, అప్పుడు ఇన్సూరెన్సు కాగితాలు మారిపోతాయి. సగం కట్టమంటే అవమానం. అతని వాటా నలుగురం పంచుకుందామని బాబాయే అన్నారు, తలా 15 వేలయింది. ఎవరూ గొణగలేదు. కుర్రాడు మాత్రం ఊరుకోలేదు, ఎండు నెత్తళ్ళు తన ఖాతాలో తెస్తానన్నాడు. ఆ వాసన మూసిన క్యాబిన్‌లో ఎలా ఉంటుందో తలుచుకుంటేనే లెక్చరర్ గారికి టెన్షన్. పైన డెక్ మీద, మూత బిగించిన డబ్బాలో అన్న షరతు మీద రాజీ కుదిరింది.

నవంబరు

మాటల్లో అందరూ ధీరులే, కాబట్టి ఒక రాత్రి పరీక్ష పెట్టాం. చీకటి పడ్డాక ఫిషింగ్ హార్బర్ దాటి, లంగరేసిన పెద్ద ఓడల మధ్య నుంచి భీమిలి వైపు వెళ్ళి, తెల్లారేసరికి తిరిగి రావాలి. అర్ధరాత్రి ఉప్మా వండాలన్నది నా నిబంధన. ఊగే పడవలో ఉల్లిపాయ తరిగినవాడు దేన్నయినా తట్టుకుంటాడు. వంట ఏదైనా ప్రెషర్ కుక్కర్లోనే, మూత బిగుసుకుంటుంది కాబట్టి పడినా ఒలకదు.

లెక్చరర్‌కి పోపు వాసనకే కడుపు తిప్పేసింది. గాలి పోయే వైపుకి వెళ్ళి కక్కుకుని, మూతి తుడుచుకుని, మళ్ళీ చుక్కాని పట్టుకుని దిక్సూచి అంకె పైకి చదివింది. ఆ క్షణానే ఆమె సీటు ఖాయమైంది. వాంతి అందరికీ అవుతుంది, తర్వాత ఏం చేస్తారన్నదే చూడాలి. బాబాయ్ గుర్రుపెట్టి నిద్రపోయారు గానీ, తన వంతుకి ఐదు నిమిషాల ముందే ఎవరూ లేపకుండా టార్చి పట్టుకుని పైకొచ్చారు. ఖరీదైన సామాన్లతో వచ్చిన ఇంకో ఆయన ఇరవై నిమిషాలు ఆలస్యంగా లేచాడు. అంతసేపూ చలిలో నిలబడింది నేను. ఆయన్ని మర్యాదగా వద్దన్నాం.

భీమిలి దగ్గర్లో కుర్రాడు ఉన్నట్టుండి, "ఎడం కొట్టన్నా, వలుంది" అని అరిచాడు. నాకేం కనపడలేదు. పడవ తిరిగాక టార్చి వేస్తే థర్మాకోల్ ముక్కల వరస, చివర మిణుకుమనే చిన్న లైటు. ఆ నైలాన్ తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఎవరో ఒకరు చీకట్లో నీళ్ళలోకి దిగి కోయాలి. ఇలాంటి వలలు ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలు పంపే సంకేతాలు చూపే పరికరం) తెర మీద కనపడవు.

డ్యూటీలు కూడా ఆ రాత్రే ఖాయం చేశాం. స్కిప్పర్‌కి వంతు లేదు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేవాలి. మిగతా నలుగురికీ నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి. ఇద్దరూ ఒకేసారి మారరు, రెండు గంటలకి ఒకరు చొప్పున మారతారు. అప్పుడు నిద్రమొహంతో వచ్చినవాడి పక్కన కళ్ళు చీకటికి అలవాటైనవాడు ఒకడుంటాడు. రాత్రి హార్నెస్ తాడు (మనిషిని పడవకి కట్టి ఉంచేది) తగిలించకుండా ఎవరూ కాక్‌పిట్, అంటే చుక్కాని దగ్గర కూర్చునే చోటు, దాటకూడదు. దీని మీద చర్చ లేదు.

డిసెంబరు

లెక్చరర్ వాళ్ళ అన్నయ్య అమెరికా నుంచి గార్మిన్ ఇన్‌రీచ్ అనే శాటిలైట్ మెసేజ్ పరికరం పంపాడు. చక్కటిదే, కానీ ఇంట్లోనే ఉంచమన్నాం. అది ఇరిడియం ఉపగ్రహాల మీద పనిచేస్తుంది. ఇరిడియం, తురయా పరికరాలు అనుమతి లేకుండా వాడటం మన దేశంలో నేరం. మాకు బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా తీసుకునే ఇన్‌మార్‌శాట్ శాటిలైట్ ఫోను ఒకటి ఉంది, దానితో పాటు ఈపెర్బ్, అంటే ప్రమాదంలో సంకేతం పంపే పరికరం. ఈ ఈపెర్బ్ 406 మెగాహెర్ట్జ్ మీద అరిస్తే ఉపగ్రహం ద్వారా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి, అక్కణ్ణుంచి కోస్ట్ గార్డ్‌కి వెళ్తుంది. రిజిస్టర్ చేయకపోతే ఎవరి పడవో వాళ్ళకి తెలియదు, కాబట్టి ముందు అది చేయించాలి. ఇంట్లో వాళ్ళందరికీ కోస్ట్ గార్డ్ నంబరు 1554 రాసిచ్చాను. వాతావరణానికి ఐఎండీ (వాతావరణ శాఖ), ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) రెండూ చూస్తున్నాం.

నీళ్ళు తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, పది రోజులకి 200 లీటర్లు. పడవ ట్యాంకులో చోటుంది గానీ నీళ్ళన్నీ ఒకే చోట పోయడం నాకిష్టం లేదు, ట్యాంకు కారితే అంతే సంగతులు. సగం ట్యాంకులో, సగం ఇరవై లీటర్ల క్యాన్లలో. ఉల్లిపాయలు, బంగాళదుంపలు, బియ్యం పూర్ణా మార్కెట్లో. మొదటి రోజుకి పులిహోర, ఆ తర్వాత వాంతులు తగ్గేదాకా మరమరాలు, అల్లం మురబ్బా. బాబాయ్ మాడుగుల హల్వా లిస్టులో రాశారు, ఏ ఖాతాలో రాయాలో నేనింకా తేల్చలేదు.

తలా సగం అడ్వాన్సు వచ్చేసింది. సరుకులు కొనేలోపు మానుకుంటే మొత్తం వాపసు, కొన్నాక అయితే ఖర్చవని భాగం మాత్రమే. వాతావరణం వల్ల ఆగిపోయినా అంతే. బిల్లుల ఫొటోలు అదే రోజు వాట్సాప్ గ్రూపులో పడాలి, బిల్లు లేకపోతే డబ్బు లేదు. లైఫ్ రాఫ్ట్ సర్వీసు నుంచి తిరిగి రావాలి, కుర్రాడి మెడికల్ సర్టిఫికెట్టు రావాలి, బాబాయ్ రెండో కళ్ళజోడు చేయించుకోవాలి. రాఫ్ట్ కాగితం చేతికి రాకపోతే కనుమ దాటినా, గాలి ఎంత బాగున్నా బయల్దేరం అని స్కిప్పర్ చేత కూడా సెప్టెంబరులో రాసిన డబ్బుల కాగితం మీదే సంతకం పెట్టించాను.