కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

మొన్న ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వస్తుంటే మా మేనకోడలు అడిగింది, "మావయ్యా, కాటన్ అంటే పత్తి కదా, ఆయన తాతముత్తాతలు పత్తి వ్యాపారం చేసేవాళ్లా?" అని. ఊరూరా గుర్రం మీద ఆ దొర విగ్రహాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి, 1852లో ఆనకట్ట పూర్తయిందని నిద్రలో లేపి అడిగినా చెప్తాను, కానీ ఆ ఇంటిపేరు ఎక్కడిదని ఒక్కసారీ ఆలోచించలేదు. ఇంటికొచ్చాక కూర్చుని వెతికాను.

పత్తికీ ఆ పేరుకీ సంబంధమే లేదు. బట్టల కాటన్ అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన మాట. దొరగారి కాటన్ ఇంగ్లండు నేలమీదే పుట్టింది. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే పాక, గుడిసె. తిరుమలలో కాటేజీ దొరికిందా అని అడుగుతామే, అందులో ఉన్నదీ ఇదే. న్యూటన్‌లో చివర ఉన్నది టౌన్, అంటే కొత్త ఊరు. కాటన్‌లో చివరిది టౌన్ కాదు, విభక్తి! 'కాటుమ్' అంటే 'పాకల దగ్గర'. పలికి పలికి ఉమ్ అరిగిపోయి కాటన్ అయింది.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మన పాకలపాటి వారూ ఇంతే కదా! ఊరు అనే అర్థంలో వాడే 'పాడు'కి విభక్తి చేరేముందు వచ్చే రూపం 'పాటి'. అక్కడా ఇక్కడా ఊరి పేరు ఇంటిపేరైంది, పాత వ్యాకరణం ముక్క ఒకటి అందులోనే ఉండిపోయింది.

పాకలు ఎక్కడైనా ఉంటాయి కాబట్టి కేంబ్రిడ్జిషైర్‌లో, స్టాఫర్డ్‌షైర్‌లో ఈ పేరుతో వేర్వేరు ఊళ్లున్నాయి. అందుకని కాటన్‌లందరూ ఒకే వంశం కాదు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యానికి మిగిలిన ఒకే ఒక్క రాతప్రతిని తన గ్రంథాలయంలో దాచిన రాబర్ట్ కాటన్ హంటింగ్డన్‌షైర్ వాళ్ల మనిషి. మన దొరగారి కుటుంబం చెషైర్‌లోని కాంబర్‌మేర్ వాళ్లు, అక్కడి 'అబ్బే', అంటే క్రైస్తవ మఠం, 16వ శతాబ్దంలో వాళ్ల చేతికొచ్చింది. ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలిపేయకూడదు, మన దగ్గరా అంతే.

మా అమ్మ పుట్టింటి పేరు కూడా 'పాటి'తోనే ముగుస్తుంది. ఆ పాడు ఏ మండలంలో ఉందో మా ఇంట్లో ఇంతవరకూ ఎవరం అడగలేదు. ఈ సంక్రాంతికి తాతయ్యను కూర్చోబెట్టి అడుగుతాను, మేనకోడల్ని కూడా పక్కనే కూర్చోమంటాను.