మొ వద్ర

ఏప్రిల్‌లో డబ్లిన్ చేరిన రెండో రోజు సాయంత్రం, మా మనవరాలు బడి సంచీలోంచి పల్చటి బొమ్మల పుస్తకం ఒకటి తీసి సోఫాలో నా పక్కన చేరింది. పాపకి ఎనిమిదేళ్ళు.

"తాతయ్యా, ఇది ఇంగ్లీష్ కాదు, ఐరిష్. నువ్వు చదువు చూద్దాం."

అట్ట మీద గోధుమరంగు కుక్క. లోపల పేజీకి ఒక్కటే వాక్యం. అక్షరాలు ఇంగ్లీషువే గదా అని "మొ మ్హద్ర" అని చదివాను.

"మొ వద్ర! నా కుక్క అని. ఎమ్ పక్కన హెచ్ వస్తే 'వ' అనాలి" అని దిద్దింది పాప.

ఊరికే కుక్క అంటే మద్ర. నాది అనేసరికి వద్ర అయింది. నేను తెనాలి చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్ఫై మూడేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. ముందు మాటని బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారిందంటే నా చెవి ఊరుకోదు. కాగితం, పెన్ను తెమ్మన్నాను. ఇంకా ఏమేం మారతాయో చెప్పమ్మా అన్నాను.

పాప చెప్పింది. కత్ అంటే పిల్లి. నా పిల్లి అయితే మొ ఖత్, ఆ ఖ గొంతులోంచి ఊదినట్టు రావాలి. 'మా పిల్లి' అనాలంటే మాత్రం ఆర్ గత్. తొబర్ అంటే బావి, మా బావి ఆర్ దొబర్. పాష్టీ అంటే పిల్లలు, మా పిల్లలు ఆర్ బాష్టీ.

క పోయి గ, త పోయి ద. నేను కాసేపు ఆ కాగితం వంక అలాగే చూస్తూ కూర్చున్నాను. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. కూర, కాయ కలిస్తే కూరగాయలు. గసడదవాదేశ సంధి! చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం వల్లించి, వల్లింపజేసి, ఎన్ని వందల మంది పిల్లల చేత బట్టీ పట్టించానో. ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న భాష, మన భాషతో ఏ చుట్టరికమూ లేనిది, అదే పని చేస్తోంది. మన ప మాత్రం వ అవుతుంది, వాళ్ళది బ అవుతుంది. చ, ట ల సంగతి వేరు. అయినా చాలు నాకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాప ఇంకొకటి కూడా చూపించింది. ఆర్ గత్ అని రాసేటప్పుడు వాళ్ళు పాత అక్షరాన్ని చెరిపెయ్యరు. ముందు గ రాసి, దాని పక్కనే అసలు క ని కూడా ఉంచుతారు. పలికేది గ ఒక్కటే. క కంటికి కనిపిస్తూ ఉంటుంది, ఇదివరకు ఈ ఇంట్లో నేనే ఉండేదాన్ని అన్నట్టు. ఈ మార్పుని ఉరూ అంటారు. మద్ర వద్ర అయ్యే మార్పు పేరు షేవూ.

మరునాటి నుంచి అదే మా దినచర్య. బడి నుంచి వచ్చి, టిఫిన్ తిని, పాప ఒక ఐరిష్ పుస్తకం చదివేది, నేను ఒక తెలుగు కథ చదివేవాణ్ణి. ఐరిష్ కథలు ఫదో ఫదో అని మొదలవుతాయి. చాలా కాలం కిందట, చాలా కాలం కిందట అని. మన అనగనగా లాగే రెండుసార్లు అంటేగానీ వాళ్ళకీ కథ కదలదు.

ఆ తర్వాతి శనివారం అమ్మాయి మమ్మల్నిద్దర్నీ ట్రామ్ ఎక్కించి హార్కోర్ట్ స్ట్రీట్‌కి తీసుకెళ్ళింది. అక్కడ 6వ నంబరులో ఐరిష్ భాష పుస్తకాల కొట్టు ఉంది. పేరు అన్ షుపా ల్యావర్, అంటే పుస్తకాల కొట్టు అనే. నడిపేది కొన్‌రా న గేల్గ్య, 1893లో ఐరిష్ భాష కోసం పెట్టిన సంఘం. పసిపిల్లలకి అట్టముక్కల్లాంటి దళసరి పేజీల పుస్తకాలు, పాటల పుస్తకాలు, నిఘంటువులు, నవలలు, కవిత్వం, అన్నీ ఒకే కప్పు కింద. ప్రచురణకర్తల పేర్లు చూస్తూ వెళ్ళాను. అన్ గూమ్ అనేది ప్రభుత్వ ప్రచురణ సంస్థ. స్వతంత్రం వచ్చిన నాలుగైదేళ్ళకే, 1926 నాటికి, పుస్తకాలు వెయ్యడానికి ఒక శాఖ పెట్టుకున్నారు వాళ్ళు. ఫుతా ఫాతా అనేది గాల్వే దగ్గర స్పిడల్ అనే ఊళ్ళో ఉన్న పిల్లల ప్రచురణ సంస్థ. దాని బొమ్మలు నాకు తెగ నచ్చాయి. పాపకి రెండు, నాకు ఒకటి కొన్నాను. నాది కూడా పిల్లల పుస్తకమే.

ఇంత చేస్తున్నా ఆ భాష పరిస్థితి తేలిగ్గా లేదు. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చు అని రాసుకున్నవాళ్ళు దాదాపు 18 లక్షల 74 వేలు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968. ఒక్క మా తెనాలి పట్టణం జనాభాలో సగం కూడా లేరు.

మా పక్కింటావిడకి అరవై దాటి ఉంటాయి. ఆవిడ మనవడు ఐరిష్ మీడియం బడిలో చదువుతాడు. "నేను పద్నాలుగేళ్ళు ఐరిష్ చదివాను. ఇప్పుడు వాడు ఒక ముక్క అడిగితే జవాబు చెప్పలేను. అందుకే వాడి పుస్తకాలు నేనూ చదువుతున్నాను" అంది. ఏమేం చదివారమ్మా బడిలో అని అడిగితే ముందు చెప్పిన పేరు పెగ్. చెబుతూనే మొహం ముడుచుకుంది.

పెగ్ సేయర్స్ ఆత్మకథ అది. 1936లో వచ్చింది. 1990ల దాకా పైక్లాసు పిల్లలకి పరీక్ష పుస్తకంగా ఉండేదట. పదహారేళ్ళ పిల్లల చేతిలో ఒక ముసలమ్మ కష్టాల కథ పెట్టి, మార్కుల కోసం చదవమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనూ అదే పని చేశాను. ప్రతి పద్యానికీ ప్రతిపదార్థం రాయించి, తాత్పర్యం రాయించి, చివరికి పద్యం అంటేనే బెదిరిపోయేలా చేసిన తరగతులు నాకూ ఉన్నాయి. పెగ్ నిజానికి గొప్ప కథకురాలు. ఆవిడకి ఐరిష్ రాయడం రాదు. నోటితో చెబుతుంటే కొడుకు రాసిపెట్టాడు. రాత్రిళ్ళు నెగడు చుట్టూ చేరి వినాల్సిన మనిషిని ప్రశ్నపత్రంలో కూర్చోబెట్టారు. ఆ సంగతి పక్కింటావిడతో అంటే, "ఇప్పుడు మళ్ళీ చదివితే నచ్చుతుందేమో" అంది.

ఆవిడే లోపలికి వెళ్ళి వాళ్ళమ్మగారి నాటి పాత పాఠ్యపుస్తకం తెచ్చి చూపించింది. కాగితం పసుపుపచ్చగా అయిపోయి, అంచులు పొడి రాలుతున్నాయి. అక్షరాలు వేరే తీరు, గుండ్రంగా, చేత్తో రాసినట్టున్నాయి. ఎమ్ పక్కన హెచ్ ఎక్కడా లేదు. దాని బదులు ఎమ్ నెత్తిన చిన్న చుక్క. ఆ చుక్క ఉంటే 'వ' అని పలకాలన్నమాట. గత శతాబ్దం నడిమిలో ఈ లిపి వదిలేసి మామూలు ఇంగ్లీషు అచ్చుకి మారినప్పుడు చుక్క పోయి హెచ్ వచ్చింది. నాకు మన అరసున్న గుర్తొచ్చింది. మా నాన్నగారి భారతంలో పేజీ నిండా అరసున్నలే. మా అమ్మాయికి అది అచ్చుతప్పులా కనిపిస్తుంది. నేను ఆ చుక్కల మీద వేలు పెట్టి ఒక పేజీ అంతా మెల్లగా చదివాను. అర్థం ఏమీ తెలియలేదు గానీ పలకడం వచ్చింది. ఇంగ్లీషులో లేని మన త, మన ద ఆ భాషలో ఉన్నాయి. నాలుక పళ్ళకి ఆనించి అంటే చాలు. ఆవిడ, "మీ త బాగుంది, మాకు బడిలో అలాగే పలకమనేవాళ్ళు" అంది. ఆ మాట నాకు సన్మానంతో సమానం.

పెద్దవాళ్ళ పుస్తకాలు ఐరిష్‌లో చదివే శక్తి మూడు నెలల్లో రాదు. డండ్రమ్ లైబ్రరీ నుంచి ఇంగ్లీషు అనువాదాలు తెచ్చుకున్నాను. ఇక్కడ లైబ్రరీ ఉచితం. 2019 నుంచి ఆలస్యానికి జరిమానా కూడా తీసేశారు. అలా తెచ్చుకున్నవాటిలో నన్ను పట్టుకున్నది తోమాస్ ఓ క్రిహన్ రాసిన 'అన్ తిలానహ్'. ద్వీపవాసి అని చెప్పుకోవచ్చు. 1929లో వచ్చింది.

ఐర్లండ్ పడమటి కొసన గ్రేట్ బ్లాస్కెట్ అనే చిన్న దీవి ఉంది. 1916లో అక్కడ 176 మంది ఉండేవాళ్ళు. అంతకు మించి ఎప్పుడూ లేరు. తోమాస్ అక్కడ చేపలు పట్టుకుని, గొర్రెలు కాసుకుని, పొయ్యిలోకి పీట్ అనే మండే మట్టి తవ్వుకుని బతికిన మనిషి. బడిలో ఆయనకి నేర్పింది ఇంగ్లీషు చదువు. నోట్లో ఉన్నది ఐరిష్. ఆ ఐరిష్‌ని చదవడం నడివయసులో గానీ రాలేదు. ఎలా వచ్చిందో ఆయనే చెబుతాడు. గాలీ వానా పట్టుకుని దీవికి తిరిగి వెళ్ళలేక అవతలి ఒడ్డున చుట్టాలింట్లో ఆగిపోయేవాడు. ఆ ఇంటి పిల్లలకి బడిలో ఐరిష్ నేర్పుతున్నారు. వాళ్ళు తమ పుస్తకాల్లోంచి కథలు చదివి వినిపించేవాళ్ళు. వినీ వినీ రుచి మరిగి, పుస్తకం తన చేతిలోకి తీసుకున్నాడు. మాటలన్నీ తనవే, అప్పటికే తలనిండా ఉన్నాయి. అక్షరం కుదరగానే అన్నీ కదిలొచ్చాయి.

ఆ పేజీ చదివినప్పుడు రాత్రి పది. జూన్‌లో ఇక్కడ పదింటికి కూడా కిటికీలో వెలుగు ఉంటుంది. పుస్తకం మూసి, పడుకున్న పాప గదిలోకి వెళ్ళి చూసి వచ్చాను.

1917లో బ్రియన్ ఓ కెల్లీ అనే ఆయన దీవికి వచ్చి తోమాస్‌కి గోర్కీని చదివి వినిపించాడు. జాలరివాళ్ళ కథ రాసిన ఫ్రెంచి రచయిత పియర్ లోతీని కూడా. మనలాంటివాళ్ళ బతుకు కూడా పుస్తకం అవుతుందని చూపించడానికి. గోర్కీ! మా తరం తెలుగువాళ్ళలో 'అమ్మ' చదవనివాళ్ళు అరుదు. విశాలాంధ్ర బుక్ హౌస్‌లో రూపాయలు లెక్కపెట్టుకుని కొన్నవాణ్ణి నేను. అదే గోర్కీ ఆ దీవిలో ఒక జాలరికి కలం పట్టించాడు. తమలాంటివాళ్ళు మళ్ళీ ఉండరని, కాబట్టి గుర్తుగా రాసిపెడుతున్నానని పుస్తకం చివర అంటాడు తోమాస్. అన్నట్టే అయింది. 1953లో ప్రభుత్వం చివరిగా మిగిలిన ఇరవై రెండు మందిని ఒడ్డుకి చేర్చింది. దీవి ఖాళీ. తోమాస్‌ది, పెగ్‌ది, మధ్యలో 1933లో మురిష్ ఓ సూలవాన్ అనే కుర్రవాడిది, మూడు పుస్తకాలూ ఆ దీవి మనుషులవే.

ఇంకో పుస్తకం గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. మార్టిన్ ఓ కయిన్ 1949లో వేసిన నవల 'క్రే న కిల్య', శ్మశానం మట్టి. అందులో మాట్లాడేవాళ్ళంతా చచ్చిపోయినవాళ్ళే. సమాధుల్లో పడుకుని ఊళ్ళో తగువులన్నీ అక్కడ కొనసాగిస్తారు. ఎవరిని పౌను ఖరీదు చోట పాతారు, ఎవరిని పదిహేను షిల్లింగుల చోట పాతారు అని గొడవ. జాషువా శ్మశానంలో పులినీ మేకనీ ఒక పక్కన పడుకోబెట్టి జోకొడతారు. ఈయన శ్మశానంలో మట్టి కింద కూడా హెచ్చుతగ్గులు పోలేదు. ఇద్దరూ చూసింది ఊరి బతుకే. జాషువా ఆ తేడా పోవాలని కోరుకుంటూ రాశాడు, ఈయన అది పోలేదని రాశాడు. 1949 నాటి నవల ఇంగ్లీషులో అచ్చయింది 2015లో. ఐరిష్ రాని ఐరిష్‌వాళ్ళే అరవై ఆరేళ్ళు ఆగాల్సి వచ్చింది. తెలుగులోకి ఎవరైనా తెస్తే బాగుండును. గోదావరి జిల్లాల యాసలో గానీ, మా గుంటూరు యాసలో గానీ ఆ ముసలమ్మల తిట్లు ఎంత బాగా పలుకుతాయో.

జూన్ చివరివారంలో బడికి సెలవులిచ్చారు. నేను సామాను సర్దుకుంటున్నాను. పాప తన తెలుగు కాపీ పుస్తకం పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. ముందురోజు కథలో అన్నదమ్ములు అనే మాట వచ్చింది. అన్న, తమ్ముడు కలిసి అలా అయిందని చెప్పాను.

"మరి 'త' ఎక్కడికి పోయింది తాతయ్యా?"

"ద వచ్చింది గదమ్మా, దాని చోట్లో."

"అయితే 'త' కి బాధగా ఉండదా? మా టీచర్ అయితే రెండూ రాస్తారు."

పెన్సిలు తీసుకుంది. నాలుక బయటపెట్టి, గీత మీద నిలబడేలా ఒక్కో అక్షరం దిద్దుతూ రాసింది. ద ని కొంచెం చిన్నగా, దాన్ని ఆనుకునే త ని మామూలుగా: అన్నదతమ్ములు.

చదవమన్నాను. అన్నదమ్ములు అనే చదివింది.

నా జేబులో ఎర్ర పెన్ను ఎప్పుడూ ఉంటుంది. తియ్యలేదు. ఆ పేజీ నాకు ఇమ్మని అడిగి, మడతపడకుండా నా బాలవ్యాకరణంలో పెట్టుకున్నాను.