మాత చీర రంగు

"నైట్ అంటే ఏంట్రా, రాత్రి డ్యూటీనా?" అంది అమ్మ ఫోన్లో.

"కాదమ్మా. పూర్వం గుర్రమెక్కి కత్తి పట్టుకుని తిరిగే వీరులుండేవాళ్ళు చూడు, వాళ్ళని నైట్ అంటారు."

"నీకు స్కూటరు తోలడమే సరిగ్గా రాదు కదరా."

నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కాథలిక్ మగవాళ్ళ సంఘం గురించి అమ్మకి చెప్పడానికి నేను చేసిన మొదటి ప్రయత్నం అలా ముగిసింది. రెండోసారి వేరే వైపు నుంచి వచ్చాను. 1882లో కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో మైకేల్ మెక్‌గివ్నీ అనే కుర్ర ఫాదర్ గారు ఉండేవారు. ఆ ఊళ్ళో కాథలికులు చాలామంది వలస కూలీలు. ఇంటి పెద్ద పోతే భార్యాపిల్లలు వీధిన పడేవాళ్ళు. ఆయన తండ్రి పోయినప్పుడు ఆ కష్టం ఆయనా చూశాడు. అందుకే తన గుడి పరిధిలోని మగవాళ్ళని కూడగట్టి, ఒకరు పోతే మిగతావాళ్ళు ఆ ఇంటిని ఆదుకునేలా ఒక సంఘం పెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళకే పోయాడు. 2020లో ఆయన్ని ధన్యుడిగా ప్రకటించారు, అంటే పునీతుడి హోదాకి ఒక్క మెట్టు కింద.

"అంటే చీటీల సంఘమా?" అంది అమ్మ.

దాదాపు అంతే. ఇప్పటికీ వాళ్ళ ఇన్సూరెన్స్ పెద్ద వ్యవహారం. నేను చేరింది మాత్రం ఇన్సూరెన్స్ కోసం కాదు, చేపల కోసం. ఈస్టరుకి ముందొచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు మాంసం తినం కాబట్టి, ఆ రోజుల్లో మా న్యూజెర్సీ గుడి హాల్లో ఈ సంఘం వాళ్ళు చేపలు వేయించి అమ్ముతారు. పిండి కలపడానికి ఓ రోజు సాయం వెళ్ళాను. మూడో శుక్రవారానికి ఫారం చేతిలో పెట్టారు.

అందులో మెట్లున్నాయి. దాతృత్వం, ఐకమత్యం, సోదరభావం అయ్యాక నాలుగోది దేశభక్తి. ఈ నాలుగో డిగ్రీ 1900లో మొదలైంది. పండగలకి, అంత్యక్రియలకి, బిషప్ గారు వచ్చినప్పుడు కత్తులతో వరస కట్టి నిలబడే గౌరవ దళంలోకి వెళ్ళాలంటే ఈ డిగ్రీ ఉండాలి. నాకు అమెరికా పౌరసత్వం వచ్చిన రెండో ఏడాది తీసుకున్నాను. సెప్టెంబరులో వాషింగ్టన్‌లో జరిగే వేళాంగణి మాత యాత్రకి మన భారతీయులతో పాటు దళం కూడా వస్తే బాగుంటుందని ఎవరో అన్నారు. దళం కమాండర్ నా వైపు చూశాడు.

ముందు దుస్తుల సంగతి. 2017 దాకా ఈ దళం వేషం వేరు. నల్ల టక్సీడో, భుజాల మీద రంగు అస్తరున్న కేప్, తల మీద ఈకల కుచ్చు పెట్టిన పడవలాంటి టోపీ. కేప్ రంగును బట్టి ఎవరు ఏ పదవిలో ఉన్నారో తెలిసేది. మా కమాండర్ ఆ టోపీని ఇంకా పెట్టెలో దాచుకున్నాడు, తీసి చూపించాడు. నాకు టక్కున గుర్తొచ్చింది మా గుంటూరు బ్యాండు మేళం. ఆ మాట ఆయనతో అనలేదు. ఆ ఏడు ఆగస్టులో పై నాయకత్వం అదంతా మార్చి నీలం బ్లేజరు, బూడిదరంగు ప్యాంటు, తెల్ల చొక్కా, టై, నల్ల బెరే టోపీ పెట్టింది. పాతవాళ్ళలో చాలామందికి కోపం వచ్చింది, కొందరికి ఇంకా తగ్గలేదు. నా మట్టుకు బెరేనే నయం. ఆ ఈకల టోపీలో మా అమ్మ నన్ను చూసి ఉంటే ఇంకో పదేళ్ళు చెప్పుకుని నవ్వేది.

టోపీ మీద చిన్న గుర్తుంటుంది: తెల్ల పావురం, ఎర్ర సిలువ, నీలం భూగోళం. పవిత్రాత్మ, సుతుడు, పిత. దళంలో నిలబడేటప్పుడు తెల్ల గ్లవ్స్ కావాలి. కుడి భుజం మీంచి ఎడమ నడుం దాకా అడ్డంగా వేసుకునే వెడల్పాటి పట్టీ కావాలి, బాల్డ్రిక్ అంటారు. కత్తి ఒర వేలాడేది దానికే. కత్తికి పదును ఉండదు. కానీ పొడవు ఉంటుంది, ఆ సంగతి కుర్చీలో కూర్చోబోతే తెలుస్తుంది. నడుస్తున్నప్పుడు ఎడమచెయ్యి ఒర మీద లేకపోతే కాళ్ళకి అడ్డం పడుతుంది. మెట్ల దగ్గర మరీ.

డ్రిల్ గుడి పార్కింగ్‌లో, శనివారం పొద్దున్నే. కమాండర్ ఒకప్పుడు నేవీలో చేశాడు, డెబ్భై దాటాడు, గొంతు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. ప్రతి ఆజ్ఞ రెండు ముక్కలు. "డ్రా" అనగానే ఎడమచేత్తో ఒర పట్టుకుని, కుడిచేత్తో పిడి పట్టి కత్తిని కొంచెం పైకి లాగి ఆగాలి. "సోర్డ్స్" అన్నాకే దుయ్యాలి. ఆ రెండు మాటల మధ్య ఖాళీయే అసలు డ్రిల్ అంతా. నేను ప్రతిసారీ అందులో జారిపోయేవాణ్ణి. మొదటి మాటకే కత్తి మొత్తం బయటికొచ్చేది. "బ్రదర్, ఎవరితోనో యుద్ధానికి తొందర పడుతున్నావు" అనేవాడు.

దూసిన కత్తిని కుడి భుజానికి ఆనించి నిటారుగా పట్టుకుంటే క్యారీ. పిడిని గడ్డం ఎదురుగా తెస్తే ప్రెజెంట్, అదే వందనం. అప్పుడు పిడీ దాని అడ్డకమ్మీ కలిసి కళ్ళ ముందు సిలువలా కనిపిస్తాయి. అది నాకు బాగా నచ్చింది. నచ్చనిది రిటర్న్, కత్తిని ఒరలో పెట్టడం. మొనని ఒర నోట్లోకి దించి, కొద్దిగా మిగిలేదాకా నెట్టి ఆగాలి. అందరూ అక్కడికి చేరాక "సోర్డ్స్" అంటే ఒక్కసారే టక్కుమనాలి. పదిమందివీ ఒకే చప్పుడు. ఒకడు తప్పితే టక్, టక్. ఆ రెండో టక్ ఎవరిదో గుడంతటికీ తెలుస్తుంది.

ఇంట్లో చీపురుకట్టతో సాధన చేశాను. ఫ్యాను రెక్క జాగ్రత్త అని మా ఆవిడ, ఇంకోసారి నాన్నా అని మావాడు.

యాత్ర శనివారం చీకటితోనే బయల్దేరాం. బస్సులో సగం మలయాళీలు, తర్వాత తమిళులు, గోవా వాళ్ళు, తెలుగు కుటుంబాలు ఐదు. డెలావేర్ దాటేదాకా జపమాల భాషలు మార్చుకుంటూ నడిచింది. జపమాలలో ఒక్కో భాగాన్ని రహస్యం అంటారు. ఒక రహస్యం తమిళంలో, ఒకటి కొంకణిలో, మూడోది మాకు వచ్చింది. "దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని మొదలెట్టగానే వెనక సీట్లో తమిళ పెద్దాయన మరియమ్మా అన్న మాట దగ్గర గొంతు కలిపాడు. తర్వాత పులిహోర. కత్తి మాత్రం దుప్పట్లో చుట్టి బస్సు కింద సామాన్ల అరలో పడుకుంది. దారిలో పోలీసులు తెరిచి చూస్తే ఏం చెప్తావని మా ఆవిడకి టెన్షన్. మాత దగ్గరికి తీసుకెళ్తున్నామని చెప్తానన్నాను. అది అబద్ధం కూడా కాదు.

నిష్కళంక మాత జాతీయ బసిలికాని బస్సు కిటికీలోంచి చూసినప్పుడే పిల్లలు లేచి నిలబడ్డారు. ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పెద్ద కాథలిక్ గుడి లేదు. 1920లో శంకుస్థాపన, 1959లో ప్రతిష్ఠ. నీలం బంగారం కలిసిన పెద్ద గుమ్మటం, పక్కన 329 అడుగుల గంటల గోపురం. ఆ గోపురం పేరు నైట్స్ టవర్, కట్టించింది మా సంఘమే. లోపల 56 గంటలు. చేపలు వేయించిన డబ్బులు ఎక్కడెక్కడికి పోతాయో అని కమాండర్ కన్ను గీటాడు. ఈ గుడిలో ఒక్కో దేశపు మాతకి ఒక్కో చిన్న ప్రార్థనాలయం ఉంది. వేళాంగణి ఆరోగ్య మాతకి 1997లో వచ్చింది.

గుడి లోపల కత్తి దుయ్యాలా వద్దా అన్నది అక్కడి గురువుల, అంటే ఫాదర్ల మాట. ఆ రోజు బయట మెట్ల దగ్గర మాత్రమే అన్నారు. రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడ్డాం. ధూపం, సిలువ, గురువులు, చివరిగా బిషప్ గారు. "ప్రెజెంట్... సోర్డ్స్." నా పిడి గడ్డం దగ్గరికి సరిగ్గానే వచ్చింది. ఎండ నేరుగా కళ్ళలో పడుతోంది, గ్లవ్స్ లోపల చెమట. తల తిప్పకూడదు, చూపు ఎదుటివాడి టోపీ మీద ఉండాలి. నా ముందునుంచి వెళ్ళినవాళ్ళు నాకు అంగీల అంచులుగా మాత్రమే తెలుసు.

తర్వాత రిటర్న్. మొన ఒర నోటికి తగల్లేదు, బ్లేజరు జేబులోకి దిగింది. లాగాను, మళ్ళీ దించాను. తొమ్మిది కత్తులు టక్కుమన్నాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంత సేపయ్యాక నాది. వెనక నిలబడిన మలయాళీ ముసలమ్మ మెల్లగా "సారమిల్లా మోనే" అంది. పరవాలేదు నాయనా అని. కమాండర్ ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

దివ్యపూజ అయ్యాక మాత ఊరేగింపు. పల్లకీకి రెండు పక్కలా దళం, ఎడమ వైపు మొదటివాణ్ణి నేను. గుణదల కొండకి ఫిబ్రవరిలో అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిన రోజుల్లో జనంలో నలిగి నలిగి, నాన్న భుజమెక్కి మాత ముఖం చూసేవాణ్ణి. ఇక్కడ మాత నాకు మూడడుగుల దూరంలో ఉంది, ఆమె మెడలోని మల్లెల వాసన తెలుస్తోంది, నేను మాత్రం ముందున్న బ్రదర్ వీపు చూస్తూ నడుస్తున్నాను. అడుగు తప్పకూడదు, ఒర ఊగకూడదు, తల తిరగకూడదు. పూలు చల్లుతుంటే ఒక రెక్క కనురెప్ప మీద వాలింది. దాన్నీ తియ్యలేదు.

అంతా అయ్యాక మాత ప్రార్థనాలయానికి ఒక్కణ్ణే వెళ్దామనుకున్నాను. గుమ్మంలోనే ఒక కుటుంబం ఆపింది, ఫొటో. తర్వాత ఇంకో కుటుంబం, వాళ్ళ చిన్నాడికి కత్తి ముట్టుకోవాలట. ఆ తర్వాత పెళ్ళిచూపులకి పంపిస్తామని ఒకమ్మాయి తండ్రి, నన్ను కాదులెండి, పక్కనున్న కుర్ర బ్రదర్ని నిలబెట్టి నాలుగు తీశాడు. బస్సు కదిలే టైమయింది.

రాత్రి బస్సులోంచే అమ్మకి ఫోన్ చేశాను. బిషప్ గారి గురించి చెప్పాను, గంటల గురించి చెప్పాను, రిటర్న్ సంగతి చెప్పలేదు.

"మాతకి ఏ రంగు చీర కట్టార్రా?"

నాకు తెలీదు. మూడడుగుల దూరంలో పావుగంట నడిచాను, తెలీదు. మా ఆవిడని అడుగుదామంటే నిద్రపోతోంది. ఆమె ఫోన్ తీసుకుని, ఊరేగింపులో నేను మాత పక్కన ఉన్న ఫొటో వెతికి అమ్మకి పంపించాను. అవతల కాసేపు మాట లేదు. వేళ్ళతో పెద్దది చేసుకుని చూస్తున్నట్టుంది.

"సరిగ్గా చీర మీదే నీ చెయ్యి అడ్డం పెట్టావేంట్రా" అంది.