శిక్షణ నుంచి రాగానే తీసిన ఫైలు

ప్రభుత్వ ఆఫీసుల్లో బిల్లులు డ్రా చేసి చెల్లించే అధికారుల (డీడీఓల) పనిపై మొన్న హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాను. ట్రెజరీ కోడ్, బడ్జెట్ పద్దులు రోజూ చూసేవే. నా మనసు మాత్రం జీఎస్టీ టీడీఎస్ దగ్గరే, అంటే కాంట్రాక్టర్‌కు బిల్లు చెల్లించేటప్పుడే అందులో కొంత జీఎస్టీ కింద పట్టుకోవడం దగ్గరే ఆగిపోయింది.

2018 అక్టోబర్ 1 నుంచి ఉన్న నిబంధనే. పన్ను కాకుండా కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే 2 శాతం పట్టుకోవాలి. నేనేమో ఇన్నేళ్లూ ఒక్కో బిల్లు మొత్తాన్నే చూస్తూ వచ్చాను! రాగానే బీరువాలోంచి ఓ పాత ఫైలు తీశాను. ప్రహరీ గోడ పని, మూడు లక్షల ఒప్పందం, లక్ష చొప్పున మూడు బిల్లులు. మూడింటి మీదా నా టిక్కు, నా పొట్టి సంతకం. ఒక్కోదాంట్లో రెండు వేలు పట్టుకోవాల్సింది. చేతులు చల్లబడ్డాయి. ఆ మధ్యాహ్నమే మా సార్‌కు నోట్ పెట్టాను.

పట్టుకుని ఊరుకున్నా తప్పే. తర్వాతి నెల 10లోగా జీఎస్టీఆర్-7 అనే రిటర్ను వేస్తేనే ఆ డబ్బు జీఎస్టీ పోర్టల్‌లో కాంట్రాక్టర్ పేరిట ఉండే ఖాతాకు (క్యాష్ లెడ్జర్‌కు) చేరుతుంది. చిన్న కాంట్రాక్టర్‌కు రెండు వేలంటే మేస్త్రీకి ఇచ్చే రెండు మూడు రోజుల కూలి. అది మన బద్ధకం వల్ల ఆగకూడదు.

పక్క ఆఫీసు అకౌంటెంట్ సోమవారం వస్తానన్నాడు. బిల్లులు తర్వాత చూద్దాం, ముందు ఒప్పంద పత్రాలు తెమ్మన్నాను.