పాత బ్రిడ్జ్ కెమెరా, దసరా పాలపిట్ట

మా మేనమామ 2009లో కొన్న కెనాన్ పవర్‌షాట్ ఎస్‌ఎక్స్10 ఐఎస్, అంటే లెన్సు మార్చే పని లేకుండా పెద్ద జూమ్ ఉండే బ్రిడ్జ్ కెమెరా, ఏడెనిమిదేళ్లుగా బీరువా మీద బ్యాగులోనే పడి ఉంది. మొన్న దసరాకు పది రోజుల ముందు కిందికి దించాను. మాది పరకాల దగ్గర ఊరు, దసరా నాడు జమ్మికి పోయేటప్పుడు పాలపిట్టను చూడాలని అందరం పొలాల దిక్కు పోతాం, ఏటా నా ఫోన్లో అది కరెంటు తీగ మీద ఒక చుక్కలాగే వస్తుంది. ఈసారి దాని కన్ను కూడా కనిపించే ఫోటో కావాలనుకున్నాను.

మూత తెరిస్తే లోపల నాలుగు పెన్సిల్ సెల్లు కారిపోయి, స్ప్రింగులకు చిలుం పట్టి ఉంది. హన్మకొండలో ఒక రిపేర్ షాపుకు తీసుకెళ్తే ఆయన సరిగా చూడకుండానే "ఫోన్ ఉండంగ ఇదెందుకన్నా, పక్కన పడేయి" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆల్కలైన్ సెల్ కారితే బయటికొచ్చేది క్షారం, పులుపు తగిలితే విరిగిపోతుంది కాబట్టి ఇయర్ బడ్‌కు కొంచెం వెనిగర్ అద్ది మెల్లగా రుద్దాను, తర్వాత తడి బడ్‌తో తుడిచి ఒక రోజంతా నీడలో ఆరబెట్టాను. కిరాణా షాపు సెల్లు వేశాను. ఆన్ అయింది! కానీ పదిహేను ఫోటోలకే ఆగిపోయింది. జూమ్ మోటార్ తిరిగేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, మామూలు సెల్లు అంత ఇవ్వలేవు. నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్లు 1.2 వోల్టులే అయినా చివరిదాకా నిలకడగా ఇస్తాయి, అవి వేశాక మూడు రోజుల్లో 400 ఫోటోలు తీసినా దిగలేదు. 64 జీబీ కార్డు పెడితే తీసుకోలేదు, 2008 నాటి మోడల్ కదా, ఎస్‌డీహెచ్‌సీ రకం అంటే 32 జీబీ లోపుదే కావాలి. పాత 16 జీబీది దొరికింది.

పరీక్షకు ఆదివారం రామప్ప గుడికి పోయాను. అక్కడ చూరు కింద నల్లరాతి మదనికలు ఉంటాయి కదా, ఎన్నిసార్లు పోయినా కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూడడమే తప్ప మెడలో హారం ఎన్ని వరసలో ఎప్పుడూ తెలియలేదు. ఈ కెమెరా లెన్సు ఫిల్మ్ కెమెరా లెక్కలో 28 నుంచి 560 మిల్లీమీటర్లు, అంటే 20 రెట్లు, అదీ ఫోటోను సాగదీసేది కాదు, లెన్సు గాజుతో వచ్చే జూమ్. కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ ఉండడంతో ఎండలో స్క్రీన్ కనిపించని బాధ లేదు, ముఖానికి ఆనడం వల్ల చేయి కూడా కదలదు. హారంలో ఒక్కో పూస విడిగా వచ్చింది. నా ఫోన్లో అంత జూమ్ చేస్తే రాయి మీద రంగు అలికినట్టు ఉంది. మంటపం లోపల చీకట్లో మాత్రం ఫోనే నయం, ఇందులో ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే సున్నితత్వం, 400 దాటితే ఫోటో నిండా ఇసుక చల్లినట్టే. దీని సెన్సార్ 1/2.3 అంగుళాలది, ఇప్పటి చాలా ఫోన్ల మెయిన్ సెన్సార్ అంతకంటే పెద్దది, పైగా ఫోన్ నాలుగైదు ఫోటోలు కలిపి ఒకటి చేస్తుంది.

అందుకే దసరా నాడు వెలుతురు పోకముందే, నాలుగున్నరకే పత్తి చేల దిక్కు పోయాను. పూర్తి జూమ్‌లో లెన్సు ఎఫ్5.7 కంటే ఎక్కువ తెరుచుకోదు, అంటే వెలుతురు తక్కువే లోపలికి వస్తుంది. షట్టర్ సెకనులో 1/500 వంతు పెట్టి, బండి సీటు మీద మోచేతులు ఆనించి, తీగ మీద కూర్చున్న పాలపిట్టను నాలుగు ఫోటోలు తీశాను. కన్ను, మెడ కింద లేత చారలు, అన్నీ వచ్చాయి. కూర్చున్నప్పుడు అది సగం గోధుమ రంగులోనే ఉంటుంది, అసలు నీలం రెక్క విప్పినప్పుడే. అది ఎగిరింది, నేను నొక్కాను, ఫోటోలో ఖాళీ తీగ! సెకనుకు రెండు ఫోటోలు కూడా తీయలేని కెమెరా ఇది, ఎగిరే పిట్టను దీనితో పట్టడం చాలా కష్టం.

వీడియో 640x480, దాని మీద ఆశ వద్దు. వైఫై లేదు, ఫోన్‌కు తగిలించే ఓటీజీ కార్డ్ రీడర్‌తో ఫోటోలు ఫోన్లోకి ఎక్కించుకుంటున్నాను. ఇంట్లో ఉంటే తప్పకుండా వాడండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు సెల్లు పెట్టే చోట చిలుం ఉందో లేదో చూడండి, జూమ్ చివరిదాకా పోయి రావాలి, వచ్చేటప్పుడు గరగరమంటే వదిలేయండి, నేనైతే మూడు వేలు దాటి పెట్టను. నేను ఇంకో నాలుగు సెల్లు కొని చార్జింగ్‌కు పెట్టాను, చలికాలంలో పాకాల చెరువుకు పొద్దున్నే పోవాలి.