తల్లి చారలు కొడుక్కే

గుడ్డు పగిలి బయటపడ్డ పిల్లను నేను వెంటనే చేతిలోకి తీసుకోను. తడి నూగు తలకి అంటుకుపోయి ఉంటుంది, ఏమీ కనబడదు. కొన్ని గంటలు ఆరనిచ్చి, నూగు పొంగి బంతిలా అయ్యాక కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పగటి వెలుతురులో నడినెత్తి చూస్తాను. మొదట్లో నా లెక్క ఒకటే: నల్లటి నూగు మీద తెల్లటి చుక్క ఉంటే పుంజు, లేకపోతే పెట్ట. ఇది మొదటిసారి నా కళ్లముందు నిజమైన రోజు ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

అప్పట్లో నా దగ్గర 4 చారల పెట్టలు, ఒక డేగ రంగు పుంజు ఉండేవి. పెట్టలు బార్డ్ ప్లైమౌత్ రాక్ జాతివి, ఒక్కో ఈకకీ నలుపు తెలుపు అడ్డచారలు. పుంజు రోడ్ ఐలాండ్ రెడ్. ఒక పెట్ట పొదుగుకొస్తే దాని కింద 12 గుడ్లు పెట్టాను. 21వ రోజుకి 11 పిల్లలు వచ్చాయి. అన్నీ నల్లవే, కానీ 6 పిల్లలకు తల మీద చుక్క ఉంది, మిగతా ఐదింటికి లేదు. చుక్క ఉన్నవాటి కాలికి నీలం రింగు, లేనివాటికి ఎర్ర రింగు వేశాను. రెండు నెలలు తిరిగేసరికి నీలం రింగు పిల్లలన్నిటికీ తురాయి ఎర్రబడింది, ఒంటినిండా చారలు వచ్చాయి. ఎర్ర రింగువి నల్లటి పెట్టలయ్యాయి, మెడ దగ్గర మాత్రం కాస్త ఇటుక రంగు. ఒక్కటి కూడా తప్పలేదు.

కోళ్లు తక్కువగా ఉన్న చోట ఈ సంగతి ముందే తెలియడం చాలా పెద్ద విషయం. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. మూడు పుంజులు పెరిగితే పెట్టల వీపు మీద ఈకలు రాలిపోయి తోలు కనబడుతుంది, మేత దగ్గరకి కూడా భయంభయంగా వస్తాయి. ఒక ఏడాది ఆ అవస్థ చూశాను, మళ్లీ చూడదలచుకోలేదు. పుట్టిన రోజే తెలిస్తే, మిగిలిన పుంజుపిల్లలకి బాగా చూసుకునే మనిషిని వెతకడానికి నెలల వ్యవధి దొరుకుతుంది.

మా అత్తగారు గుడ్డు కొసదేలి ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అనేవారు. నేను గుడ్ల మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మరీ చూశాను, కలవలేదు. ఆలోచిస్తే కలవడానికి కారణం కూడా లేదు. పిల్ల ఆడో మగో తేలేది పెంకు తయారవడానికి ముందే. అదీ పుంజు వల్ల కాదు, పెట్ట వల్ల. మనుషుల్లో తండ్రి వైపు నుంచి తేలేది కోళ్లలో తల్లి వైపు నుంచి తేలుతుంది. ఆడామగా తేల్చే క్రోమోజోములు రెండుంటాయి, పుంజుకి ఆ రెండూ జడ్‌లే. పెట్టకి ఒక జడ్, ఒక డబ్ల్యూ. తల్లి తన జడ్ ఇస్తే కొడుకు, డబ్ల్యూ ఇస్తే కూతురు.

చారల జన్యువు ఆ జడ్ మీద ఉంది. కాబట్టి చారల తల్లి తన చారల్ని కొడుక్కి మాత్రమే ఇవ్వగలదు. కూతురికి జడ్ వచ్చేది తండ్రి నుంచే, తండ్రికి చారలు లేకపోతే కూతురికీ ఉండవు. తల మీద చుక్క అంటే ఆ చారలు నూగులో కనబడే రూపమే. ఇదంతా నాకు మొదటి ఏడాది తెలియదు. చుక్క ఉంటే పుంజు అన్న ఒక్క ముక్క మాత్రం పట్టుకున్నాను, తప్పు అక్కడే జరిగింది.

మరుసటి ఏడాది డేగ పుంజు జబ్బు చేసి చనిపోయింది. దాని కొడుకుల్లో బలమైనదాన్ని, అంటే నీలం రింగు వేసిన ఒక చారల పుంజుని, మందలో ఉంచాను. నల్లపెట్టలు అప్పటికి బాగా గుడ్లు పెడుతున్నాయి, ఆ గుడ్లే పొదుగేశాను. అన్నాచెల్లెళ్లని కలపకూడదన్న సంగతి అలా ఉంచండి, అది వేరే తప్పు. 14 పిల్లలొచ్చాయి. మూడు ఎర్రగా ఉన్నాయి, వాటి తల మీద చుక్క ఉందో లేదో కూడా పోల్చలేకపోయాను. 11 నల్లవాటిలో ఆరింటికి చుక్క ఉంది. ఎప్పటిలాగే వాటికి నీలం రింగులు వేసి, పుంజు కావాలని అడిగిన ఒక స్నేహితురాలికి మంచి చుక్క ఉన్న పిల్లని ఎంచి ఇచ్చాను. నాలుగైదు నెలల తర్వాత ఆవిడ ఫోన్ చేసి, "మీరిచ్చిన పుంజు ఇవాళ గుడ్డు పెట్టిందండీ" అంది. నాకు చాలా బాధేసింది. ఆవిడ ఏమీ అనలేదు, కానీ నమ్మి తీసుకెళ్లిన మనిషి కదా. ఇక్కడున్న వాటిలో కూడా లెక్క అలాగే తప్పింది. చుక్క ఉన్నవాటిలో ఇంకో రెండు పెట్టలు తేలాయి, చుక్క లేనివాటిలో రెండు పుంజులు.

ఆ రాత్రి, తల్లి నుంచి ఏది వస్తుంది, తండ్రి నుంచి ఏది వస్తుంది అని చూసేందుకు మా అబ్బాయి లెక్కల నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకుని కూర్చున్నాను. ఆ చారల పుంజుకి ఉన్న రెండు జడ్‌లలో చారలున్నది ఒకటే, తల్లి ఇచ్చింది. నల్లపెట్టల దగ్గర చారలే లేవు. అంటే తండ్రి తన పిల్లల్లో సగానికి చారలిస్తాడు, కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా. చుక్కకీ, ఆడామగా తేడాకీ ఉన్న లంకె మొదటి తరంతోనే తెగిపోయింది. తల్లికి చారలు ఉండాలి, తండ్రికి ఉండకూడదు. తిరగేసి చారల పుంజుని ఎర్రపెట్టతో కలిపినా లాభం లేదు. వేరే జాతి కలవని చారల పుంజైతే పిల్లలన్నీ చుక్కతోనే పుడతాయి.

నేను గీసిన ఆ గళ్ల పద్ధతిని తయారుచేసిన పన్నెట్ అనే శాస్త్రవేత్త కోళ్ల మీదే ఎన్నో ఏళ్లు పనిచేశాడని తర్వాత చదివాను. 1929లో కేంబ్రిడ్జ్‌లో ఆయన, మైకేల్ పీజ్ కలిసి కాంబార్ అనే జాతిని రూపొందించారు. అందులో ప్రతి తరంలోనూ పుట్టగానే ఆడామగా తేడా తెలుస్తుంది. కిటుకు ఏమిటంటే, పుంజుకి రెండు జడ్‌లు కాబట్టి చారల జన్యువు రెండు పాళ్లు వస్తుంది, పెట్టకి ఒక్క పాలే. అందుకే పుంజుపిల్ల నూగు బాగా పాలిపోయి ఉంటుంది, పెట్టపిల్ల ముదురుగా ఉంటుంది.

ఇప్పుడు నేను చారల జాతిని వేరే జాతితో కలపకుండా పెంచుతున్నాను. ఇక్కడ చుక్క అన్ని పిల్లలకీ ఉంటుంది, కాబట్టి దాని తీరు చూడాలి. పుంజుపిల్లకి చుక్క పెద్దగా, అంచులు చెదిరి, పక్కలకి పాకినట్టు ఉంటుంది. పెట్టపిల్లకి చిన్నగా, గట్టి అంచుతో ఉంటుంది. ఒక్క చుక్కనే నమ్మను, కాళ్లు కూడా చూస్తాను. పెట్టపిల్ల కాలి ముందు వైపు మసి పూసినట్టు ఉండి, వేళ్ల దగ్గరికి రాగానే పసుపు రంగు వచ్చేస్తుంది. పుంజుపిల్ల కాలు పైనుంచి కింది దాకా లేతగా ఉంటుంది.

రెక్క ఈకలు చూసి చెప్పచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అదీ జడ్ మీద ఉన్న జన్యువే. ఈకలు త్వరగా వచ్చే పుంజుని, నెమ్మదిగా వచ్చే పెట్టతో కలిపినప్పుడు మాత్రమే ఆ తేడా పనికొస్తుంది, అదీ మొదటి రెండు మూడు రోజుల్లోనే. ఏ కోడిపిల్లనైనా పట్టుకుని రెక్క విప్పి చెప్పేయడం కుదరదు.

మొన్న మంగళవారం 9 పిల్లలు వచ్చాయి. 5 పెట్టలు, 3 పుంజులు అని నోటుబుక్కులో రాసి రింగులు వేశాను. తొమ్మిదోది తేలలేదు. చుక్క చిన్నదే, కానీ అంచు చెదిరి ఉంది. కాలి మీద మసి ఉందా అంటే ఉన్నట్టు, లేదా అంటే లేనట్టు. "అమ్మా, ఇది చెల్లే, తమ్ముడు కాదు" అంటాడు మా అబ్బాయి. దానికి ఏ రింగూ వేయలేదు. పేజీలో దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఆరో వారం తేదీ రాసుకున్నాను.